దుంపలకు పిలిస్తే తప్పకుండా వెళ్ళు

చిరంజీవి శ్రావణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలోని యూయెండుము ఊళ్ళో నర్సుగా చేరుతున్నావని అమ్మ చెప్పింది. ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు. దారి పొడవునా ఎర్రమట్టి, స్పినిఫెక్స్ గడ్డి చూసి, ఇక్కడ మనుషులు ఏం తిని బతికారో అనుకుంటావు. నేనూ అనుకున్నాను. ఆ మాట అక్కడి ఆదివాసులైన వార్ల్‌పిరి ఆడవాళ్ళ ముందు మాత్రం అనకు. అది వాళ్ళ గాదె.

సెలవు రోజున వాళ్ళు దుంపలకు పిలిస్తే వెళ్ళు. ప్రశ్నలు తగ్గించి, చూపు నేల మీద పెట్టు. యార్లా అనే దుంప మన చిలగడదుంప జాతిదే. లోపల దుంప ఊరేకొద్దీ పైన నేల పగులుతుంది. నాకు ఆ పగులు కనపడటానికే నెలలు పట్టింది. పూర్వం మొనదేల్చిన కర్రతో తవ్వేవాళ్ళు, ఇప్పుడు గడ్డపారతో. దుంప తగలగానే గడ్డపార పక్కన పెట్టి, చేత్తో మట్టి తోడి, విరక్కుండా తీస్తారు. వేడి బూడిదలో కప్పి కాలుస్తారు. ముల్గా చెట్ల కింద సన్నటి రంధ్రం కనిపిస్తే తేనెచీమలు ఉన్నట్టే. లోతుగా తవ్వాలి. వాటి పొట్ట తేనెతో చిన్న ద్రాక్షపండులా ఉబ్బి ఉంటుంది. తల పట్టుకుని తేనె చప్పరించు, అసహ్యించుకోకు.

మగవాళ్ళు కంగారూలను వేటాడేవారు. కానీ రోజూ కడుపు నింపినవి ఎక్కువగా ఆడవాళ్ళు తెచ్చిన దుంపలు, ఉడుములు, గడ్డిగింజలే. ఆ గింజలను చెక్కతొట్టిలో చెరిగే తీరు చూస్తే అమ్మమ్మ చేట గుర్తొస్తుంది. నీళ్ళు చల్లుతూ రాతి మీద నూరి, బూడిదలో రొట్టె కాల్చేవాళ్ళు. ఎండిన వాగుల్లో ఎక్కడ ఇసుక తోడితే నీళ్ళు ఊరతాయో తెలిసినవాళ్ళు కాబట్టే అక్కడ నిలిచారు.

1946లో ప్రభుత్వం రేషన్ ఇవ్వడానికి యూయెండుము పెట్టింది. పిండి, పంచదార తిండి అలా అలవాటైంది. షుగర్ పేషెంట్‌కి పథ్యం చెప్పేటప్పుడు ఇది మనసులో ఉంచుకో, విసుక్కోకు.

దొరికినదాన్ని వరసలను బట్టి పంచుకుంటారు. అందుకే నీకూ ఒక వరస పేరు పెడతారు. నన్ను నంగాలా అనేవాళ్ళు. మనలాగే వాళ్ళకూ తల్లి అక్కచెల్లెళ్ళు తల్లులే. నా పేరు చెప్పు, నంగాలాకు కూతురి వరస కాబట్టి నువ్వు నపల్జారి అవుతావు.

ప్రేమతో,
పెద్దమ్మ