జింక్ మాత్రలతో వీర్యకణాలు పెరుగుతాయా?

ప్రశ్న: పెళ్లయి రెండేళ్లు. మావారికి వీర్యకణాలు మిల్లీలీటరుకు 1.2 కోట్లే ఉన్నాయట. మందుల షాపులో జింక్, ఫోలిక్ యాసిడ్ మాత్రలిచ్చారు. వాడొచ్చా?

జవాబు: వాటి మీద ఆశ పెట్టుకోకండమ్మా. అమెరికాలో 2,370 జంటలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. రోజూ 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్, 30 మిల్లీగ్రాముల జింక్ ఆరు నెలలు వాడిన మగవారికీ, మందు లేని మాత్రలు వేసుకున్నవారికీ సంతానం కలగడంలో తేడా లేదు. పైగా వాడినవారిలో కడుపునొప్పి, వికారం ఎక్కువ.

1.6 కోట్లకు తగ్గితే తక్కువే, కానీ ఒక్క రిపోర్టుతో తేల్చకూడదు. వీర్యకణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి ఆ మధ్య గట్టి జ్వరం వచ్చి ఉంటే దాని ప్రభావం ఇప్పటి లెక్కలో కనబడవచ్చు. 2 నుంచి 7 రోజులు కలయిక లేకుండా ఉండి మళ్లీ పరీక్ష చేయించండి. శాంపిల్ ల్యాబ్‌లోనే ఇవ్వడం మేలు. ఇంటి నుంచి తెస్తే గంటలోపు, ఒంటి వెచ్చదనం తగ్గకుండా చేర్చాలి.

రెండోసారీ తక్కువొస్తే యూరాలజిస్టుకు చూపించండి. వృషణాల దగ్గర సిరలు ఉబ్బే వేరికోసిల్ ఉంటే మాత్రలు దాన్ని సరిచేయలేవు. కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటుంటే దాచకుండా చెప్పాలి, అవి వీర్యకణాల తయారీనే అణచేస్తాయి. సిగరెట్ మానాల్సిందే.

ఫోలిక్ యాసిడ్ నిజంగా కావాల్సింది మీకు: రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భం రాకముందు నుంచే.