పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: నింటెండో ముద్ర, దాని వెనకున్న తాళం

గత సంచికలో జపాన్ వీడియో గేముల గురించి రాసిన వ్యాసానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒక్క నింటెండో లోగో గురించే ఉన్నాయి. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నింటెండో లోగో మొదటి నుంచీ ఇలాగే ఉందా? కంపెనీకి నూట ముప్పై ఏళ్లు దాటాయని రాశారు. అప్పట్లో వీడియో గేములే లేవు కదా, మరి ముద్ర దేని మీద వేసేవారు? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

పేకముక్కల మీద వేసేవారు. ఫుసాజిరో యమౌచి 1889 సెప్టెంబరులో క్యోటో నగరంలో తెరిచిన దుకాణం హనాఫుదా అనే పూల బొమ్మల పేకను తయారు చేసి అమ్మేది. నెలకు నాలుగు ముక్కల చొప్పున పన్నెండు నెలలకు కలిపి కట్టలో 48 ముక్కలుంటాయి. దుకాణం గుర్తు చాలా సాదాగా, ఒక వృత్తం, దాని లోపల శుభాన్ని, అదృష్టాన్ని తెలిపే ఒక జపనీస్ అక్షరంతో ఉండేది. దీన్నే మరుఫుకు అనేవారు. వ్యాపారి తన సరుకును గుర్తుపట్టడానికి వేసుకునే ముద్ర అది. వీరి హనాఫుదాలో పేరుమోసిన 'దైతోర్యో' (అంటే అధ్యక్షుడు) రకం కట్ట మీద మాత్రం నెపోలియన్ బొమ్మ ఉంటుంది. అధ్యక్షుడని పేరు పెట్టి చక్రవర్తి బొమ్మ ఎందుకు వేశారన్నది మాకూ వినోదంగానే తోస్తుంది.

వ్యవస్థాపకుడి మునిమనవడు హిరోషి యమౌచి 1949లో పగ్గాలు చేపట్టాక కంపెనీ పేరు 1951లో నింటెండో కరుతా అనీ, 1963లో కేవలం నింటెండో అనీ మారింది. 1960లలో బొమ్మలు, బోర్డు ఆటల్లోకి దిగిన కాలంలో పెట్టెల మీద ముద్రకు నిలకడ లేదు, ఒక్కో సరుకు మీద ఒక్కో రూపం కనిపిస్తుంది. ఇప్పుడు మనం చూసే బొద్దు అక్షరాలు 1970ల నాటికి కుదురుకున్నాయి. వాటి చుట్టూ పరుగుపందెపు మైదానం ఆకారంలో గీసిన హద్దు గీత 1980ల మధ్యకల్లా స్థిరపడింది. ఆ తర్వాత మారింది రంగు మాత్రమే. 'వీ' యంత్రం వచ్చిన 2006 ప్రాంతంలో ఎరుపు పోయి బూడిద రంగు వచ్చింది, పదేళ్ల తర్వాత 'స్విచ్' అనే యంత్రం విడుదల సమయానికి మళ్లీ ఎరుపు తిరిగొచ్చింది. బూడిద రంగు ముద్ర హుందాగా ఉండేదని కొందరంటారు. ఆటబొమ్మలమ్మే కంపెనీకి అంత హుందాతనం అక్కరలేదన్నది ఈ శీర్షిక రాసేవారి అభిప్రాయం.

ప్రశ్న: మా మేనమామ ముప్పై ఏళ్ల కిందట విదేశం నుంచి తెచ్చిన గేమ్ బాయ్ (చేత్తో పట్టుకుని ఆడే నింటెండో యంత్రం) ఇంకా మా ఇంట్లో ఉంది. స్విచ్ వేస్తే నింటెండో అన్న పేరు రావలసిన చోట ఒక నల్లటి పట్టీ పైనుంచి దిగి, మధ్యలో ఆగిపోతుంది. ఆట మొదలవదు. తెర పాడైందా? – ఒక పాఠకుడు, హనుమకొండ

తెర చక్కగా ఉన్నట్టే. ఉంటే గింటే లోపం క్యాసెట్‌కూ యంత్రానికీ మధ్య ఉండే లోహపు పళ్ల దగ్గర ఉంటుంది. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కంపెనీ లోగో చరిత్రలో అన్నిటికన్నా తెలివైన ఘట్టం ఇదే.

1989 ఏప్రిల్‌లో జపాన్‌లో విడుదలైన గేమ్ బాయ్ లోపల, స్విచ్ వేయగానే నడిచే ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. దాని పరిమాణం 256 బైట్లు మాత్రమే. తెర మీద దిగివచ్చే లోగో బొమ్మను అది తన దగ్గర నుంచి కాక, మీరు పెట్టిన క్యాసెట్ నుంచి చదివి చూపిస్తుంది. ప్రతి ఆట క్యాసెట్‌లోనూ ఒకే నిర్ణీత స్థానంలో ఆ బొమ్మ 48 బైట్లలో దాచి ఉంటుంది. అడ్డంగా 48 చుక్కలు, నిలువుగా 8 చుక్కలు ఉన్న ఆ చిన్న బొమ్మను రెట్టింపు చేసి తెర మీద వేస్తారు. హనాఫుదా కట్టలో ముక్కలూ 48, ఈ బొమ్మకు బైట్లూ 48 కావడం కాకతాళీయమే అయినా చెప్పకుండా ఉండలేకపోయాం.

బొమ్మ కిందికి దిగి, 'టింగ్' మన్న శబ్దం వచ్చాక ప్రోగ్రాం ఆ 48 బైట్లను మరోసారి చదివి, తన దగ్గరున్న అసలు ప్రతితో ఒక్కొక్కటిగా పోల్చి చూస్తుంది. ఒక్క బైటు తేడా వచ్చినా యంత్రం అక్కడే ఆగిపోతుంది. పళ్ల మీద దుమ్మో చిలుమో పట్టి కొన్ని తీగలు అందకపోతే అక్షరాలు చెదిరి గజిబిజిగా దిగుతాయి. ఏదీ అందకపోతే, అంటే క్యాసెట్ అసలు లేనట్టే అయితే, యంత్రానికి అన్ని చుక్కలూ నలుపుగానే చదవబడతాయి. మీరు చూస్తున్న నల్ల పట్టీ అదే. ఈసారి ఆ పట్టీ చివర, కుడి పక్కన జాగ్రత్తగా గమనించండి. నమోదైన ట్రేడ్‌మార్కును తెలిపే సున్న చుట్టిన చిన్న గుర్తు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని క్యాసెట్‌లో కాకుండా యంత్రంలోనే దాచడం దానికి కారణం.

చిన్నప్పుడు అందరూ చేసినట్టు క్యాసెట్‌ను నోటితో ఊదకండి, తేమకు లోహం ఇంకా పాడవుతుంది. దూది చుట్టిన పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పళ్లను తుడిచి, బాగా ఆరాక పెట్టి చూడండి.

ప్రశ్న: ఆట నడవాలంటే లోగో ఉండి తీరాలని ఒక వీడియోలో విన్నాను. అలాంటప్పుడు అనుమతి లేని కంపెనీ తన ఆటలో ఆ లోగో పెడితే ట్రేడ్‌మార్కు ఉల్లంఘన కింద పట్టుకోవచ్చా? – న్యాయశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం

అదే ఆ పథకంలోని మెలిక. లోగో పెట్టకపోతే ఆట నడవదు, పెడితే ట్రేడ్‌మార్కును అనుమతి లేకుండా వాడినట్టవుతుంది. కోర్టులో ఈ ఎత్తు ఎంతవరకు నిలుస్తుందన్నది నింటెండో యంత్రం మీద కాకుండా, దాని ప్రత్యర్థి సేగా యంత్రం మీద తేలింది. అమెరికాలో జెనెసిస్ పేరుతో అమ్మిన తన యంత్రం కొత్త నమూనాలో సేగా ఇలాంటి తనిఖీనే పెట్టింది. ఆటలో సరైన చోట నాలుగు అక్షరాల 'సేగా' కోడు కనిపిస్తేనే ఆట నడుస్తుంది, కనిపించగానే 'ఇది సేగా తయారు చేసింది లేదా దాని అనుమతితో తయారైంది' అన్న అర్థం వచ్చే వాక్యం తెర మీద పడుతుంది. అకొలేడ్ అనే కాలిఫోర్నియా కంపెనీ సేగా ఆటల కోడును విప్పి చూసి, ఆ అక్షరాలను తన ఆటల్లో చేర్చి అమ్మింది. సేగా 1991లో దావా వేసింది. కింది కోర్టు సేగా పక్షాన నిలిచినా, తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 1992లో దాన్ని తిరగదోడింది. ఆటను నడపడానికి వేరే ఆచరణయోగ్యమైన దారి లేనప్పుడు తెర మీద పడే తప్పుడు వాక్యానికి ప్రధాన బాధ్యత ఆ ఏర్పాటు చేసిన సేగాదే అవుతుందని చెప్పింది. యంత్రంతో పొత్తు కుదిరే ఆట తయారు చేయడానికి కోడును విప్పి చూడటం కూడా న్యాయమైన వాడకమేనని తేల్చింది. ఇరుపక్షాలూ 1993లో రాజీ పడ్డాయి. అది అమెరికా చట్టం కింద, ఆ కేసు వాస్తవాల మీద వచ్చిన తీర్పు కాబట్టి, ఇతర దేశాల్లోనూ ఇదే మాట చెల్లుతుందని అనుకోకూడదు.

తైవాన్‌కు చెందిన కొందరు తయారీదారులు మాత్రం కోర్టు దాకా పోకుండా అడ్డదారి వెతికారు. గేమ్ బాయ్ లోగోను రెండుసార్లు చదువుతుందని పైన చెప్పాం కదా. మొదటిసారి తమ సొంత బొమ్మను అందించి, పోల్చే వేళకు అసలు లోగోను అందించేలా వాళ్లు క్యాసెట్‌లో చిన్న ఏర్పాటు చేశారు. తెర మీద నింటెండో పేరే కనపడదు, అయినా యంత్రం తృప్తి పడుతుంది!

ప్రశ్న: తొంభైలలో మా గుంటూరులో అద్దెకు తెచ్చుకున్న టీవీ గేమ్‌లో మారియో ఆడేవాళ్లం. అందులో నింటెండో పేరు చూసిన జ్ఞాపకమే లేదు. తాళం అంత గట్టిదైతే అవి ఎలా నడిచాయి? – ఒక పాఠకుడు, గుంటూరు

ఆ టీవీ గేములు 1983 జులైలో జపాన్‌లో వచ్చిన ఫామికామ్ అనే నింటెండో యంత్రానికి అనుకరణలు. ఎక్కువగా తైవాన్, హాంకాంగ్, చైనాల నుంచి వచ్చేవి. ఫామికామ్‌లో తాళం చిప్ లేదు. 1985లో అమెరికాకు పంపిన రూపంలోనే యంత్రంలో ఒకటి, క్యాసెట్‌లో ఒకటి చొప్పున చిప్‌లు అమర్చి, అవి ఒకదానితో ఒకటి పొసగకపోతే యంత్రం క్షణక్షణానికీ మళ్లీ మొదలయ్యేలా చేశారు. మన దేశానికి వచ్చిన అనుకరణలు తాళం లేని జపాన్ నమూనా ప్రకారం చేసినవి కాబట్టి, 60 పళ్ల జపాన్ తరహా క్యాసెట్ ఏది పెట్టినా ఆడేవి. ఇక అసలు మారియో ఆట మొదటి తెర మీద పేరు కింద '1985 నింటెండో' అన్న హక్కుల వరుస ఉంటుంది. దొంగ ప్రతులు చేసినవారు చాలావాటిలో ఆ వరుసను చెరిపేసి అమ్మారు, మీకు గుర్తు లేకపోవడానికి అదే కారణమై ఉంటుంది.