పద్యాన్ని చరిత్రగా నమ్మొచ్చా?

ప్రశ్న: 1218లో దక్షిణ ఫ్రాన్స్‌లోని తులూజ్ నగర ముట్టడిలో, క్రూసేడ్ (చర్చి పిలుపు మీద చేసిన మతయుద్ధం) సేనల నాయకుడు సిమోన్ ద మోంఫోర్‌ను ఆడవాళ్లు విసిరిన రాయి చంపిందని చదివాను. దానికి ఆధారం ఒక పద్యకావ్యమట. కవులు చెప్పిందల్లా నిజమేనా?

జవాబు: అన్నీ కాదు. కానీ ఇది మామూలు కావ్యం కాదండీ, ఆ యుద్ధం గురించే దక్షిణ ఫ్రాన్స్ భాష ఆక్సితాన్‌లో రాసిన సుమారు 9,500 పాదాల కావ్యం. మొదటి భాగం రాసిన తుడేలా గియోం అనే కవి క్రూసేడర్ల వైపు మాట్లాడతాడు. 1213 దగ్గర కథ అందుకున్న రెండో కవి, పేరు తెలియదు, పక్కా తులూజ్ మనిషి. సిమోన్ అంటే ఆయనకు ఒళ్లు మంట, అందుకే ఉపన్యాసాలు, శత్రువుల సంఖ్యలు వచ్చినచోట కాస్త తగ్గించుకుని చదవాలి.

యుద్ధ పనిముట్ల దగ్గర మాత్రం ఈ రెండో కవిని నమ్ముతాను. కందకం పూడ్చడానికి క్రూసేడర్లు గోడ దాకా తోసుకెళ్లే చెక్క కప్పు బండిని ‘పిల్లి’ అంటాడు, దాన్ని తులూజ్ వాళ్లు రాళ్లతో ఎలా తుక్కు చేశారో చెబుతాడు. జూన్ 25న బాణం తగిలిన తమ్ముడు గీ దగ్గరికి సిమోన్ వెళ్తే, స్త్రీలూ అమ్మాయిలూ నడిపే యంత్రం నుంచి రాయి సూటిగా వచ్చి ఉక్కు శిరస్త్రాణం మీద పడిందట. తాళ్లు లాగి విసిరే యంత్రాలకు కావాల్సింది చాలా చేతులు, కాబట్టి ఆడవాళ్లు లాగారంటే అందులో వింతేం లేదు. పైగా సిమోన్ పక్షాన రాసిన సన్యాసి పియర్ కూడా రాయి తలకు తగిలే పోయాడంటాడు. ‘సరిగ్గా పడాల్సిన చోటే పడింది’ అన్న ఎత్తిపొడుపు మాత్రం కవిదే!