వృద్ధి 7 శాతం, బతుకులో మార్పెంత?

ప్రశ్న: ఒక దేశం ఏటా 7 శాతం వృద్ధి సాధిస్తోందంటారు. మానవాభివృద్ధి సూచికలో అదే దేశం అడుగునే ఉంటుంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మొచ్చు, కొలిచేవే వేరు. ముందు ఆ 7 శాతం ధరల పెరుగుదల తీసేశాక వచ్చిందో లేదో చూడండి. ఆపైన జనాభా పెరుగుదలను తీసేయాలి. అది 2 శాతమైతే తలసరికి మిగిలేది సుమారు 5. 70ని వృద్ధి రేటుతో భాగిస్తే ఆదాయం ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో తెలుస్తుంది: 7 శాతానికి 10 ఏళ్లు, 5 శాతానికి 14. వార్తల్లో మొదటి లెక్కే కనిపిస్తుంది.

తలసరి కూడా సగటే. తొమ్మిదిమందికి తలా 100, పదోవారికి 1,100 వస్తే సగటు 200. మరుసటి ఏడు ఆ పదోవారి రాబడి 1,300 అయితే మొత్తం ఆదాయం 10 శాతం పెరిగినట్టే. మిగతావారికి దమ్మిడీ కలవలేదు.

సూచికది వేరే దారి. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం 1990లో పాకిస్థాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ సారథ్యంలో దీన్ని తెచ్చింది. ఆయుర్దాయం, చదువు, ఆదాయాలకు 0 నుంచి 1 దాకా విలువలిచ్చి, 2010 నుంచి ఆ మూడింటినీ గుణించి ఘనమూలం తీస్తున్నారు. 0.9, 0.9, 0.3 వస్తే మామూలు సగటు 0.70. ఈ పద్ధతిలో సుమారు 0.62 మాత్రమే. ఒకదాంట్లో వెనకబడితే మిగతా రెండూ పూర్తిగా కప్పిపుచ్చలేవు. ఆదాయాన్ని సంవర్గమానంలో (లాగరిథమ్: ఎంత పెరిగిందని కాక ఎన్ని రెట్లయిందని చూసే లెక్క) లెక్కిస్తారు కాబట్టి తలసరి 1,000 డాలర్ల నుంచి 2,000కి చేరితే ఆదాయ సూచిక 0.105 పెరుగుతుంది. 30,000 మీద మరో 1,000 చేరితే పెరిగేది 0.005 మాత్రమే. నా దృష్టిలో ఇది న్యాయమైన లెక్క.

చదువు దగ్గరే ఒక చిక్కుంది. సగటు చదువు సంవత్సరాలను 25 ఏళ్లు నిండినవారిలోనే చూస్తారు. ఈరోజు ఆరేళ్ల పిల్లను బడిలో వేస్తే ఆ చదువు ఈ అంకెలోకి ఎక్కేది 19 ఏళ్ల తర్వాతే. అందుకే ఇప్పుడు బడిలో చేరేవారు ఎన్నేళ్లు చదువుతారన్న అంచనానూ కలుపుతారు. అసమానతను మాత్రం ఈ సూచిక చూపదు. దానికి 2010లోనే వేరే సూచిక తెచ్చారు.

ప్రశ్న: డబ్బు లేకుండా సామాజికాభివృద్ధి జరుగుతుందా?

జవాబు: కొంతవరకు. టీకాలు, శుభ్రమైన నీరు, ప్రాథమిక విద్య మనుషుల శ్రమతో నడిచే పనులు. పేద దేశంలో జీతాలు తక్కువ కాబట్టి ఖర్చూ తక్కువే. మధ్య అమెరికా దేశం కోస్టారికా 1948లో సైన్యాన్ని రద్దు చేసి చదువు, వైద్యం మీద దృష్టి పెట్టింది. ఆయుర్దాయంలో ఇప్పుడు తనకన్నా ఎంతో ధనిక దేశాల సరసన ఉంది. పింఛన్లు, పెద్ద ఆసుపత్రుల దగ్గరికొచ్చేసరికి పన్నుల రాబడి లేనిదే బండి కదలదు. ఆ రాబడి ఏటా పెరగాలంటే మళ్లీ వృద్ధే కావాలి.