గంట కొట్టే డ్యూటీ, హీబ్రూ పరీక్ష, ఇంకా మీ ప్రశ్నలు

అందరికీ వందనాలు. పోయిన నెల సెమినరీ చదువు గురించి ఏమైనా అడగండి అని ఈ పేజీలో వేసేసరికి ఉత్తరాలూ వాట్సాప్‌లూ బాగానే వచ్చాయి, ఎడిటర్ గారు అవన్నీ నా నెత్తిన పెట్టారు. నేను బి.డి. (పాస్టరు అవ్వడానికి చదివే డిగ్రీ) నాలుగో సంవత్సరం, మాది రేపల్లె వైపు పల్లె, అమ్మ మిరపకోతలకి పోయేది, నాన్న మా గుళ్లో కానుక సంచి పట్టేవాడు. కాలేజీ పేరు రాయను, రాస్తే మెస్ గురించి నిజం రాయలేను.

ప్రశ్న: అన్నా, నేను మొదటి సంవత్సరంలో చేరాను. ఊళ్లో ఉన్నప్పుడు గంటసేపు మోకాళ్ల మీద ఉండేవాణ్ణి. ఇక్కడికొచ్చాక రోజూ చాపెల్, రోజూ బైబిల్ క్లాసే, అయినా ప్రార్థన రావట్లేదు. నా పిలుపు అబద్ధమా? (ఒక తమ్ముడు, ఊరు రాయొద్దన్నాడు)

తమ్ముడూ, ముందు ఒక మాట, నీ ఒక్కడికే కాదు, నీ వింగ్‌లో సగం మందికి ఇదే, ఎవడూ పైకి చెప్పడు అంతే. ఎందుకంటే ఇక్కడ ప్రార్థన రాదు అని చెప్పడం అంటే హోటల్లో వంటమాస్టర్ నాకు ఆకలి లేదు అన్నట్టుంటది, అందరూ వింతగా చూస్తారని భయం.

నాకు రెండో సంవత్సరం జులై నుంచి అక్టోబర్ దాకా అసలు రాలేదు. మోకాళ్లేస్తే గ్రీకు క్రియలు తిరిగేవి బుర్రలో, లూఓ, లూయిస్, లూయి అని. సరిగ్గా అప్పుడే నాకు చాపెల్ గంట డ్యూటీ పడింది. మా ఊరి గుళ్లో గంటంటే వేపచెట్టుకి వేలాడేసిన రైలు పట్టా ముక్క, ఇనప కడ్డీతో కొడితే రెండు పొలాల అవతలికి వినపడేది, ఇక్కడ మాత్రం అసలు గంట, తాడు లాగాలి, ఆ తాడు చివర ముడి అరిగిపోయి అరచేతికి గీసుకునేది. మొదటివారం అలారం తప్పుగా పెట్టుకుని నాలుగున్నరకే కొట్టేశా, హాస్టల్ మొత్తం లేచి పళ్లు తోముకున్నాక తెలిసింది టైము, ఆ రోజు నన్ను తిట్టనివాడు లేడు, ప్రిన్సిపల్ గారు ఒక్కరే నవ్వారు.

అయితే ఆ నాలుగు నెలల్లో నాకు ఒకటి అర్థమైంది, నాకు నమ్మకం ఉన్నా లేకపోయినా ఐదున్నరకి తాడు లాగాలి, లాగితే జనం వస్తారు, వచ్చి పాడతారు. నేను వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి, నా నోరు కదలకపోయినా పక్కవాళ్ల నోళ్లు కదిలేవి. మా రూమ్మేట్ బాప్టిస్టు సంఘం నుంచి వచ్చినవాడు (మాది అన్ని సంఘాలవాళ్లు కలిసి చదివే చోటు), తెల్లారుజామునే లేచి గట్టిగా ప్రార్థన చేసే రకం, వాడికి ఒకరోజు చెప్పేశా, ఒరే నాకు రావట్లేదురా అని. వాడు ఉపదేశం ఏమీ చెయ్యలేదు, సరే నీది కూడా నేను చేస్తాలే నువ్వు పడుకో అన్నాడు, దుప్పటి నా మీదకి లాగి మళ్లీ మొదలెట్టాడు.

మన లూథరన్ సంఘాలకి మూలపురుషుడు మార్టిన్ లూథర్ 1539లో ఒకచోట రాశాడు, వేదాంతిని తయారుచేసేవి మూడు అని: ప్రార్థన, ధ్యానం, శోధన (అంటే కష్టాల పరీక్ష). మూడోది లేకుండా మొదటి రెండూ చాలు అనలేదు ఆయన. మనం కన్ఫర్మేషన్ క్లాసులో (సంఘంలో పూర్తి సభ్యత్వానికి ముందు చెప్పేది) బట్టీపట్టిన చిన్న కాటికిజం, అదే లూథర్ ప్రశ్న-జవాబులుగా రాసిన విశ్వాస పాఠం, గుర్తుందా, ప్రతిదాని కిందా "దీని అర్థమేమి?" అని ఉంటది, అందులో పరిశుద్ధాత్మ దగ్గర నా సొంత బుద్ధితో గాని శక్తితో గాని నేను క్రీస్తుని నమ్మలేను, ఆత్మే నన్ను పిలిచాడు అనే అర్థం వచ్చే వాక్యం ఉంది. పన్నెండేళ్లప్పుడు అది అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నా గానీ నాకు నేనుగా నమ్మలేని నెలలు వచ్చినప్పుడే అది నా గురించే రాశారని తెలిసింది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది, గంటసేపు ప్రయత్నించడం మానెయ్. అదే కాటికిజంలో పొద్దున లేవగానే ఏం చెయ్యాలో ఉంది, సిలువ గుర్తు వేసుకో, విశ్వాస ప్రమాణం చెప్పు, ప్రభువు ప్రార్థన చెప్పు, ఆ తర్వాత సంతోషంగా పనికి పో. రాత్రికైతే ఇంకా నయం, ప్రార్థన చెప్పుకుని వెంటనే నిద్రపో అని రాశాడు. రెండు నిమిషాలు పట్టదు. నిద్రమాత్రం మానొద్దు, ఒకవేళ అన్నం కూడా సయించక, ఎవరితోనూ మాట్లాడాలనిపించక ఉంటే అది ఆత్మీయ సమస్య అని నువ్వే తీర్పు రాసుకోకుండా వార్డెన్‌కి చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లు. పిలుపు సంగతి సెమిస్టర్ సెలవుల్లో ఆలోచించుకోవచ్చు.

ప్రశ్న: మా పెంతెకొస్తు ఫ్రెండ్స్ మీ లూథరన్లకి ఆత్మ లేదు, పుస్తకం చూసి ప్రార్థన చదువుతారు అని ఎగతాళి చేస్తారు. ఏం చెప్పాలి? (యూత్ మెంబర్, తెనాలి)

వాదనకి పోకు తల్లీ. పుస్తకం అంటే మనకి ఉన్న ప్రేమ పాతది, లూథర్ కాటికిజాన్ని షుల్జ్ అనే మిషనరీ తెలుగులోకి తెస్తే 1746లో జర్మనీలోని హాలే ఊళ్లో అచ్చయింది, తెలుగు అక్షరాలతో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి. అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జులై 31న గుంటూరొచ్చేటప్పటికి అది అచ్చయి దాదాపు వందేళ్లు. ఆయనకి అప్పుడు 49 నిండాయి, మళ్లీ 70 దాటాక 1869లో ఇంకోసారి వచ్చాడు, మనవాళ్లు రిటైర్మెంట్ అనుకునే వయసులో.

సరే చరిత్ర పక్కన పెడితే, నా సంగతి చెప్తా. మూడో సంవత్సరం ఫీల్డ్ వర్క్‌కి శనివారం బస్సెక్కి ఒక పల్లె సంఘానికి వెళ్లేవాణ్ణి. ఒక శనివారం దిగేసరికి పల్లెంతా ఏడుపు, ఆరేళ్ల పిల్లాడు కాలవలో పడి పోయాడు. అయ్యగారు, అంటే ఆ సంఘం పాస్టరు, ఇంకో ఊళ్లో పెళ్లిలో ఉన్నారు, ఫోన్లో నువ్వు మొదలెట్టు నేనొస్తున్నా అన్నారు. నేను అప్పటికి సొంత ప్రార్థన బాగా చేస్తానని క్లాసులో పేరున్నోణ్ణి. సమాధి దగ్గర నిలబడి నోరు తెరిచా, దేవుడి చిత్తం అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది, ఎదురుగా ఆ తల్లి. ఆగిపోయా. ఎంతసేపు ఆగానో తెలీదు. తర్వాత సంచిలోంచి ఆరాధన క్రమం తీసి 130వ కీర్తన చదవడం మొదలెట్టా, "అగాధ స్థలములలోనుండి" అని, అప్పటికే తుంపర పడతంది, చదువు రాని ఒక అవ్వ వచ్చి పేజీ తడవకుండా తన కొంగు అడ్డం పెట్టి చివరిదాకా అలాగే నిలబడింది.

ఆ రోజు నా దగ్గర సొంత మాట ఒక్కటి లేదు. మీ ఫ్రెండ్స్‌కి ఇది చెప్పు, చెప్పకపోయినా పర్లేదు. వాళ్ల ప్రార్థన తక్కువని మాత్రం అనకు, నన్ను నాలుగు నెలలు మోసింది పుస్తకం లేని రూమ్మేటే కదా.

ప్రశ్న: ధర్మశాస్త్రం ఐదు పుస్తకాలూ మోషే రాయలేదని మీకు నేర్పుతారంట కదా, మా అబ్బాయిని పంపితే విశ్వాసం పోగొట్టుకుని వస్తాడేమో బాబూ. (సంఘపెద్ద, నర్సరావుపేట)

పెద్దయ్యగారూ, నేర్పుతారు, దాచడం ఎందుకు. బైబిల్లో మొదటివైన ఆ ఐదు పుస్తకాలూ చాలా కాలంపాటు చాలా చేతుల మీదుగా కూర్చబడ్డాయని చెప్తారు, వాటిలో ఆఖరిదైన ద్వితీయోపదేశకాండం చివర్లో మోషే చనిపోయిన సంగతి ఎవరు రాశారు అని అడిగితే మా పల్లెలో పిల్లలు కూడా నవ్వేవాళ్లు గానీ క్లాసులో అదే మాట పరీక్షకొస్తే నిద్రపట్టదు, అది నిజం. లూథర్ కూడా బైబిల్లోని యాకోబు పత్రికని (పత్రిక అంటే ఉత్తరం) గడ్డి పత్రిక అన్నాడు 1522లో, అంత దూరం మాత్రం మమ్మల్ని పోనివ్వరు లెండి.

కానీ పోయేది ఎంతో వచ్చేది కూడా అంత ఉంటది. హీబ్రూ కుడి నుంచి ఎడమకి, నోట్‌బుక్ వెనక నుంచి మొదలెట్టాలి, మొదట నేర్పే క్రియ కటల్, అంటే చంపాడు, మేమంతా అది మా గురించే అనుకున్నాం. ఆ పరీక్ష కోసమే 88వ కీర్తన ఒక్కో మాటా పట్టి చదివా, హీబ్రూలో దాని ఆఖరి మాట చీకటి. అక్కడితో ఆగిపోతది, స్తోత్రం లేదు, అయినా నమ్మకం ఉంది లాంటి తోక లేదు. అదే మన తెలుగు బైబిల్లో "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఉంది. బంధువర్గం అని రాసిన ఆ అనువాదకుడు ఎవరో గానీ చెయ్యి ముద్దుపెట్టుకోవాలి. ఇలాంటి మాట కూడా దేవుడితోనే చెప్పొచ్చు, దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు అని తెలిశాక నా గంట డ్యూటీ నెలలు నాకు అంత సిగ్గుగా అనిపించలేదు.

ఇంకోటి, చెన్నైలో గురుకుల్ అనే లూథరన్ వేదాంత కాలేజీలో పాఠం చెప్పిన అరవింద్ పి. నిర్మల్ గారు ద్వితీయోపదేశకాండం 26లో నశించిపోతున్న అరామీయుడు నా తండ్రి అనే ఒప్పుకోలు పట్టుకుని దళిత వేదాంతం కట్టారు. మీ అబ్బాయి అది చదివి సెలవులకొచ్చి మీ తాతయ్య ఎవరు, ఎవరి పొలంలో పాలేరు, ఏ బావి దగ్గర నీళ్లకి నిలబడ్డాడు అని అడిగితే కోప్పడొద్దు, చెప్పండి. అది విశ్వాసం పోవడం కాదు. నేను మా తాత పేరు మీద పేపర్ రాస్తే మా నాన్న దాన్ని లామినేషన్ చేయించాడు, చదవలేదు.

ప్రశ్న: మా అమ్మాయికి సెమినరీ ఆఖరి సంవత్సరం అబ్బాయి సంబంధం వచ్చింది. జీతం ఎంతుంటుంది, ఇవ్వొచ్చా? (పేరు వద్దు, భీమవరం దగ్గర)

అంకుల్ గారూ, మీరు అడిగేది నా గురించే కాదు కదా? జీతం సంఘాన్ని బట్టి, ఏ నెలది ఆ నెల వస్తదని ఎవరు చెప్పినా నమ్మకండి. ఇల్లు మాత్రం ఇస్తారు, ఆ ఇంట్లోకి పొద్దున ఆరు నుంచి ఎవరైనా రావచ్చు, వంటింటి దాకా. కొన్నేళ్లకోసారి బదిలీ. డిసెంబర్లో మొగుడు అమ్మాయికి కనపడడు, రాత్రిళ్లు ఇంటింటికీ క్రిస్మస్ కేరల్స్ పాటలు, పగలు నిద్ర. కోత పండగ వేలంలో మిగిలిన గుమ్మడికాయలన్నీ మీ అమ్మాయే వండాలి.

వండలేను అంటే వాడు వండుతాడో లేదో కనుక్కోండి. మెస్‌లో మా కంచం మేమే కడుక్కుంటాం, ఆదివారం సాయంత్రం వంటవాళ్లకి సెలవు కాబట్టి వంతులేసుకుని వండుతాం, నా వంతున చేసిన పప్పుచారు రెండుసార్లు మిగిలిపోయింది. ముందు అమ్మాయిని అడగండి, తనకి ఇష్టమేనా అని, మీ ఉత్తరం రెండు పేజీలుంది, ఆ మాట ఎక్కడా లేదు.