బాబును ఫుటీకి పంపాలా?

సందేహం: మాది హన్మకొండ. సిడ్నీలో వెస్ట్‌మీడ్‌కి వచ్చి ఏడాది కాలేదు, 482 వర్క్ వీసా. బాబు నాలుగో క్లాసు, సన్నగా ఉంటాడు. స్కూళ్ల మధ్య ఆటలపోటీల రోజున (గాలా డే) రగ్బీ లీగ్ ఆడొచ్చి (ఇక్కడ దాన్నే ఫుటీ అంటారు), క్లబ్బులో చేరతానని ఒకటే పట్టు. దెబ్బలు తగులుతాయని మా ఆయన వద్దంటున్నారు. క్రికెట్ చాలదా అక్కా?

జవాబు: పంపు చెల్లె. క్రికెట్ ఎటూ పోదు, అది ఇక్కడ ఎండాకాలపు ఆట. చలికాలమంతా నీ కొడుకు క్లాసు పిల్లలు సోమవారం పొద్దున మాట్లాడుకునేది ఫుటీ గురించే. ఆ మాటల్లో వాడికీ చోటుండాలి.

మొన్న 2025లో మన హైదరాబాద్ హీరోస్ రగ్బీ జట్టు ఆడింది సెవెన్స్, అంటే జట్టుకు ఏడుగురి ఆట, అది వేరే. లీగ్‌లో జట్టుకు 13 మంది. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, ఆరు ట్యాకిళ్లయ్యాక, అంటే బంతి ఉన్నవాణ్ణి అవతలివాళ్లు ఆరుసార్లు పట్టి ఆపాక, బంతి అవతలి జట్టుకివ్వాలి. మీ అత్తమ్మవాళ్లు వీడియో కాల్‌లో చూసి గాబరాపడితే, బంతి పట్టుకొని ఆడే కబడ్డీ అని చెప్పు. వరంగల్‌లో పట్టు అంటే ఏందో ఎవరికీ వివరించక్కర్లేదు.

ఇక మీ ఆయన భయం. అది ఉత్త భయం కాదు. మరీ చిన్నపిల్లలతో ముందు ట్యాగ్ ఆడిస్తారు: నడుముకు రెండు పక్కలా వెల్క్రో పట్టీలుంటాయి, ఒకటి లాగేస్తే చాలు, పట్టినట్టే. మీ వాడి వయసుకు క్లబ్బులో ట్యాకిల్ ఉంటుంది. మనసొప్పకపోతే ఈ ఏడాది ఓజ్‌ట్యాగ్‌లో చేర్చండి, అందులో ట్యాకిలే లేదు. ట్యాకిల్ ఆడితే మాత్రం మౌత్‌గార్డ్ లేకుండా గ్రౌండ్లోకి దింపొద్దు. తలకు దెబ్బ తగిలితే వెంటనే బయటికి తెచ్చి డాక్టర్‌కి చూపించు. కంకషన్ (మెదడుకు కుదుపు) అని తేలితే, 2024లో ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ చెప్పిన ప్రకారం కనీసం 21 రోజులు మ్యాచ్ లేదు. ట్యాకిల్ ప్రాక్టీసుకు ముందు వరుసగా 14 రోజులు ఏ లక్షణమూ ఉండకూడదు. సెమీఫైనల్ అయినా సరే, ఎవరు బతిమాలినా సరే, ఒప్పుకోవద్దు.

పిల్లాడు సన్నగా ఉన్నాడని రాశావు. ఒకప్పటి బ్రిస్బేన్ బ్రాంకోస్ జట్టు కెప్టెన్ అలన్ లాంగర్ ఎత్తు 165 సెంటీమీటర్లే. ఆయన ఆడిన 7వ నంబరు హాఫ్‌బ్యాక్‌కి, అంటే జట్టు ఆటను నడిపించేవాడికి, కావాల్సింది చురుకుదనం, చూపు.

ఫీజుకు వోచర్ వస్తుందని ఎవరో చెప్పి ఉంటారు. న్యూ సౌత్ వేల్స్‌లో అది ప్రభుత్వం పిల్లలున్న కుటుంబాలకిచ్చే ఫ్యామిలీ టాక్స్ బెనిఫిట్ వచ్చేవాళ్లకే. 482 మీద మీకు రాదు, సొంత డబ్బే లెక్కేసుకోండి.

అసలు చెప్పాల్సింది ఇది. మనవాళ్లు చాలామంది పిల్లల్ని గేటు దగ్గర దింపి, సరుకులు తెచ్చుకొని, చివరి విజిల్‌కి వస్తారు. అట్ల చేయకండి. ఈ క్లబ్బులు జీతగాళ్లతో నడవవు, అమ్మానాన్నలే నడుపుతారు. హాఫ్‌టైమ్‌లో పిల్లలు నారింజ ముక్కలు తింటారు, వంతులవారీగా ఒక్కో ఇల్లు తేవాలి. నీ వంతు వచ్చినప్పుడు తొక్క తీయకుండా నాలుగు చెక్కలుగా కోసి, మూతడబ్బాలో చల్లగా పట్టుకెళ్లు. పిల్లలు గుజ్జంతా చీకి, తొక్కను పళ్లమీద పెట్టుకొని ఇకిలిస్తారు. ఆ పక్కన నిలబడ్డ తల్లులతోనే నీకు స్కూలు సంగతులు, మంచి డాక్టర్ ఎవరో, ఖాళీ అవుతున్న ఇళ్లు, అన్నీ తెలుస్తాయి.

మీ ఆయన్ని లీగ్‌సేఫ్ కోర్సు చేయమను, మ్యాచ్‌లో జట్టుకు సాయంగా ఉండేవాళ్లకోసం పెట్టిన చిన్న కోర్సే. వాలంటీర్లకు వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (పిల్లలతో పనిచేసేవాళ్ల నేర చరిత్ర చూసేది) ఉచితం, అదీ తీసుకోమను. అప్పుడు నీళ్ల సీసాలతో గ్రౌండ్లోకి వెళ్లొచ్చు, కొడుక్కి దగ్గర్లోనే ఉండొచ్చు. కోచ్‌కి ముందే చెప్పి పెట్టండి, అలాంటి మనిషి ప్రతి జట్టుకూ కావాలి.