రాష్ట్రాల ఆదాయం పాఠం నచ్చితే ఏ ఉద్యోగాలకు వెళ్లొచ్చు?

ప్రశ్న: బీఏ ఎకనామిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు డబ్బు ఎలా వస్తుందనే పాఠం బాగా నచ్చింది. సివిల్స్‌కి తప్ప అది దేనికీ పనికిరాదని ఇంట్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. అచ్చంగా ఆ లెక్కలమీదే పనిచేసే ఉద్యోగాలున్నాయి. అయితే పాఠం దగ్గరే ఆగిపోతే అవి అందవు.

‘కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా 41 శాతం’ అని బట్టీ పట్టడం తేలిక. కేంద్రం, రాష్ట్రాల మధ్య పన్నుల పంపకంపై సిఫారసు చేసే ఆర్థిక సంఘాల్లో 15వది చెప్పిన ఆ 41 శాతం మొత్తం వసూళ్లలో కాదు. సెస్సులు, సర్‌ఛార్జీలు (పన్నుకు తోడు కేంద్రం అదనంగా వేసేవి), వసూలు ఖర్చులు పోగా మిగిలినదాంట్లో. అంటే కేంద్రం పన్ను పెంచే బదులు సెస్సు వేస్తే, అందులోంచి రాష్ట్రాలకు వాటా పంచక్కర్లేదు. పంచే సూత్రం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2021-26 కాలానికి ఆ సంఘం ఇచ్చిన సూత్రంలో తలసరి ఆదాయంలో వెనకబడిన రాష్ట్రాలకు ఎక్కువ దక్కేలా 45 శాతం వెయిటేజీ పెట్టారు. జనాభాకు 15. సొంత పన్నులు బాగా రాబట్టినందుకు 2.5 మాత్రమే. ఇది న్యాయమేనా? రెండు పక్షాలా వాదించి మీ మాటల్లో రెండు పేజీలు రాయండి. రాయగలిగితే ఈ సబ్జెక్టు మీకు పట్టుబడినట్లే.

స్థానిక సంస్థల వైపు పని చాలా ఉంది, పట్టించుకునేవాళ్లే తక్కువ. 2018లో జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) బాండ్లు, అంటే అప్పు పత్రాలు జారీచేసి 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల రూపాయలు సమీకరించింది. ఆస్తిపన్ను సరిగా వసూలు కాని, ఖాతాలు సరిగా రాయని పురపాలికకు అలా అప్పు పుట్టడం కష్టం. అలాంటి ఖాతాలు చదివి, అప్పు తీర్చే సత్తా ఎంతుందో రేటింగ్ ఇచ్చే సంస్థల్లో మీలాంటివాళ్లకు చోటుంది.

ముందు ఎకనామిక్స్‌లో పీజీ చేయండి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షకు అది తప్పనిసరి. పరిశోధన ఇష్టమైతే ఢిల్లీలోని ఎన్‌ఐపీఎఫ్‌పీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఫైనాన్స్ అండ్ పాలసీ), హైదరాబాద్‌లోని సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) లాంటి సంస్థలున్నాయి. ఇంట్లోవాళ్లు త్వరగా ఉద్యోగంలో చేరమంటే, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పెట్టే సీజీఎల్ పరీక్ష రాసి, ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ కార్యాలయాల్లో అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్‌గా చేరొచ్చు. దానికి డిగ్రీ చాలు. నా దృష్టిలో అదేమీ చిన్న దారి కాదు. రాష్ట్రం డబ్బు ఎటు పోయిందో కాగితాల్లో కళ్లారా చూసే ఉద్యోగం అది.

ఈ నెలలోనే ఒక పని మొదలుపెట్టండి. మీ రాష్ట్ర బడ్జెట్ పత్రాలు ఐదేళ్లవి డౌన్‌లోడ్ చేసుకుని సొంత పన్నులు, కేంద్ర పన్నుల్లో వాటా, గ్రాంట్లు, అప్పులు నాలుగు వరుసల్లో రాసుకోండి. తర్వాత మీ పంచాయతీకో మున్సిపాలిటీకో వెళ్లి బడ్జెట్ ప్రతి అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.